ఎర్రజుట్టు పిల్ల తల్లి చేతిలో ఏముంది?

కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ముప్పై ఏళ్లలో నాకు క్లాసులో నోట మాట రాకుండా చేసిన పిల్లలు ముగ్గురో నలుగురో ఉంటారు. వాళ్లలో ఒకమ్మాయి గురించి, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ నేను మళ్లీ చదివిన రెండు పుస్తకాల గురించి ఈ వ్యాసం.

2004 ప్రాంతం. గుంటూరు దగ్గర ఒక ఆడపిల్లల కాలేజీ. డిగ్రీ ఆఖరి సంవత్సరం వాళ్లకి చెస్టర్టన్ పాఠం చెబుతున్నాను. సిలబస్‌లో ఉన్న వ్యాసం చిన్నది, సరదాగా సాగిపోయేది. అది అయిపోయాక ఈయన అసలు గొంతు వినాలంటే ఇది చదవండి అని 1910లో ఆయన రాసిన 'వాట్స్ రాంగ్ విత్ ది వరల్డ్' పుస్తకంలో చివరి అధ్యాయం జిరాక్స్ తీసి పంచాను. మురికివాడల్లో పేదపిల్లల తలల్లో పేలు పడుతున్నాయని, ఆడపిల్లల జుట్టు పొట్టిగా కత్తిరించెయ్యాలని అప్పటి డాక్టర్లు, అధికారులు తేల్చారు. చెస్టర్టన్‌కి ఒళ్లు మండింది. కలవారి పిల్లల జుట్టు జోలికి వెళ్లే ధైర్యం మీకుందా అని అడిగాడు. పేలు పడుతున్నది ఇరుకు గదుల వల్ల, ఆ గదులకి అద్దె గుంజే యజమాని వల్ల, కూతురి తల దువ్వే తీరిక కూడా తల్లికి మిగల్చని చాకిరీ వల్ల. అలాంటప్పుడు కత్తిరించాల్సింది జుట్టునా అన్నాడు. వీధిలో కనిపించిన ఒక ఎర్రజుట్టు పిల్లని చూపించి, ఈ పిల్ల జుట్టు దక్కాలంటే ఆస్తులన్నీ మళ్లీ పంచవలసి వచ్చినా సరే పంచాల్సిందేనని పుస్తకం ముగించాడు.

క్లాసు నిశ్శబ్దమైపోయింది. వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి మెల్లిగా "మా హాస్టల్లో కూడా ఇట్లాగే కత్తిరించారు మేడమ్, నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు" అంది. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత స్త్రీవాదిగా నేను చెప్పవలసింది చెప్పాను. ఈయన ఆడవాళ్లకి ఓటు వద్దన్నవాడనీ, ఆడది ఇంట్లో ఉంటేనే అది ఇల్లవుతుందన్నవాడనీ, ఆ కోపం ఎంత గొప్పదైనా సంప్రదాయవాది కోపమేననీ. అప్పుడా అమ్మాయి లేచి నిలబడింది.

"అందులో తప్పేముంది మేడమ్? మా అమ్మ మిరప చేలోకి కూలికి పోతది. అమ్మ ఒక్క ఏడాది ఇంటి పట్టున కూచుంటే చాలని మా ఇంట్లో అందరికీ ఆశ. మీరేమో ఇల్లంటే జైలంటారు."

నేనేదో చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తులేదు. జవాబు కాలేదని మాత్రం గుర్తుంది.

సంప్రదాయవాదుల్ని మనం చదవం. వాళ్లేమంటారో ముందే తెలుసనుకుంటాం. కుటుంబం, ఊరు, ఇరుగుపొరుగు, పెద్దల మాట అనే పదాలు వినగానే చెవులు మూసుకుంటాం. అవన్నీ మన మీద ప్రయోగించిన ఆయుధాలు కాబట్టి ఆ విముఖత అర్థం చేసుకోదగిందే. కానీ ఆ పదాలన్నిటినీ వాళ్లకే వదిలేసి మనం ఒడ్డున నిలబడ్డాం. ఆ అమ్మాయి తల్లి మాత్రం ఆ పదాల మధ్యే బతుకుతోంది.

చెస్టర్టన్‌ని పక్షపాతం లేకుండా చదివితే ముందుగా ఒప్పుకోవలసింది ఒకటుంది. మార్కెట్టు కుటుంబాన్ని నమిలి మింగుతుందని ఆయన చాలామంది ప్రగతివాదుల కంటే సూటిగా చెప్పాడు. ఆస్తి కొద్దిమంది దగ్గర పోగుపడితే మిగిలినవాళ్లకి ఇల్లుండదు, ఇల్లు లేకపోతే కుటుంబముండదు. ఇదీ ఆయన వాదన. పెట్టుబడిదారు ఆస్తి లాక్కుంటాడు, సోషలిస్టు దాన్ని తెచ్చి ప్రభుత్వానికి అప్పగిస్తాడు, పేదవాడికి రెండుచోట్లా మిగిలేది చాకిరీయే అని ఆయన, ఆయన మిత్రుడు హిలేర్ బెలాక్ ఇద్దరూ నమ్మారు. ప్రతి కుటుంబానికీ కాస్త నేల, ఒక ఇల్లు, ఒక పనిముట్టు ఉండాలన్న ఈ ఆలోచనకి డిస్ట్రిబ్యూటిజం అని పేరు వచ్చింది. 19వ శతాబ్దపు ఇంగ్లండు రాజకీయాల్లో పుట్టిన 'మూడెకరాలు, ఒక ఆవు' అనే నినాదం వాళ్లకి జెండా అయింది.

ఈ పుస్తకంలో హడ్జ్, గడ్జ్ అని ఇద్దరు కల్పిత పెద్దమనుషులున్నారు. హడ్జ్ సంస్కర్త, గడ్జ్ ఫ్యాక్టరీ యజమానుల పక్షం. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటూనే ఉంటారు. తీరా చూస్తే ఇద్దరి మాటా ఒక్కచోటే తేలుతుంది. గడ్జ్‌కి ఆడకూలీలు కావాలి, చవగ్గా వస్తారు కనుక. హడ్జ్ దానికి స్వేచ్ఛ అని పేరు పెడతాడు. మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ప్రత్యేక ఆర్థిక మండళ్లలో కుట్టుమిషన్ల మీద వంగిన ఆడపిల్లల్ని చూశాక, వాళ్ల కూలి ఎంతో తెలిశాక, ఆ ఫ్యాక్టరీల ప్రారంభోత్సవాల్లో మహిళా సాధికారత గురించి ఉపన్యాసాలు విన్నాక, ఆ కోపం కాస్త చల్లారింది. మన భాషని గడ్జ్ ఎంత తేలిగ్గా అరువు తీసుకోగలడో ఆయన 1910లోనే పసిగట్టాడు.

ఈ ఆలోచనలు మనకి మరీ పరాయివి కూడా కావు. 1909లో చెస్టర్టన్ ఒక లండన్ పత్రికలో, భారత జాతీయవాదులు అడిగేది ఇంగ్లీషు తరహా ప్రభుత్వమే కదా, ఇందులో భారతీయత ఎక్కడుంది అని ఎత్తిపొడిచాడు. అప్పుడు లండన్‌లో ఉన్న గాంధీ దాన్ని చదివి 'ఇండియన్ ఒపీనియన్' పాఠకులకి పరిచయం చేశాడు. అదే ఏడాది నవంబరులో, తిరుగు ప్రయాణంలో, ఓడ మీద 'హింద్ స్వరాజ్' రాశాడు. పల్లె, చరఖా, కుటుంబం చుట్టూ అల్లిన మన సంప్రదాయ అర్థశాస్త్రానికి ఆ వైపు నుంచి కూడా ఒక దారం కలిసింది.

ఇక చెస్టర్టన్ ఆడది. బయటి ప్రపంచంలో మనిషి ఒకే పనికి కట్టుబడి ముక్కలైపోతాడు, ఇంట్లో స్త్రీ మాత్రం అన్నీ తెలిసిన సంపూర్ణమైన మనిషిగా మిగులుతుంది అంటాడు. పిల్లలకి లోకాన్ని పరిచయం చెయ్యడం చిన్న పనెలా అవుతుంది, అది ఒక మనిషి మోయగలిగిన దానికంటే పెద్ద పని అంటాడు. చదువుతుంటే హాయిగానే ఉంటుంది. మన పనిని చిన్నచూపు చూడని మగవాడి మాట వినడం మనకి అలవాటు లేదు కదా. కానీ ఆ పేజీల్లో అంట్లు లేవు. పొగ లేదు. నెలాఖరు లేదు. విమల 'వంటిల్లు' కవితని ఈ అధ్యాయం పక్కన పెట్టి చదివించాలని నాకు చాలాసార్లు అనిపించింది. ఆయన ఆ గదిని వీధరుగు మీద కూర్చుని చూశాడు, విమల పొయ్యి దగ్గర నిలబడి చూసింది.

ఆయన జీవితంలోంచి ఒక ముచ్చట అందరికీ తెలుసు. ఉపన్యాసానికని బయల్దేరి, ఏదో ఊళ్లో దిగిపోయి, తానెక్కడ ఉండాలో తెలియక భార్య ఫ్రాన్సిస్‌కి తంతి కొట్టాడు. ఇంటికి రమ్మని ఆమె జవాబిచ్చింది. మతిమరుపు మేధావి కథగా నవ్వుకుంటాం. నాకు మాత్రం ఆ తంతి అందుకున్న మనిషి కనిపిస్తుంది. ఆయన ప్రయాణాలు, లెక్కలు, బట్టలు, ఆరోగ్యం అన్నీ ఆమె తల మీదే. ఫ్రాన్సిస్ కవిత్వం రాసేది. స్త్రీ ఇంట్లో సంపూర్ణమైన మనిషిగా మిగులుతుందని రాసినాయన సంపూర్ణమైన రచయితగా మిగలడానికి ఖర్చయింది ఎవరి కాలం?

ఇంతవరకూ వాదన నాకు తేలికే. దీంతో ఆ అమ్మాయికి జవాబు దొరకదు. ఆమె తల్లికి ఇల్లు జైలు కాదు, ఎప్పటికీ అందని సెలవు. మన ఉద్యమంలోనే ఈ మాట దళిత స్త్రీలు చెప్పారు. గోగు శ్యామల కూర్చిన 'నల్లపొద్దు' చదివినవాళ్లకి ఇది కొత్త కాదు. మేం ఎప్పుడూ గడప దాటే ఉన్నాం, మీరు విడిపించుకోవాలనుకునే వంటిల్లు మాకు సరిగ్గా ఉంటే కదా అన్నది వాళ్ల ప్రశ్న. పాశ్చాత్య స్త్రీవాదుల మధ్య కూడా 1970ల్లో ఇదే తగువు నడిచింది. భార్యని, పిల్లల్ని పోషించగలిగే జీతం మగవాడికి ఇవ్వాలని కార్మికులు అడగడం యజమాని దోపిడీకి అడ్డుగోడ కట్టుకోవడమేనని జేన్ హంఫ్రీస్ 1977లో వాదించింది. ఆ గోడ వెనక మగవాళ్లు తమ పెత్తనాన్ని కూడా భద్రం చేసుకున్నారని హైడీ హార్ట్‌మన్ గుర్తుచేసింది. ఇద్దరూ నిజమే చెప్పారని నాకిప్పుడు అనిపిస్తోంది.

ఆ జీతానికే కుటుంబ వేతనం అని పేరు. సంప్రదాయవాదుల ఆర్థిక విధానంలో మనం అసలు చదవాల్సిన అధ్యాయం ఇదే. 1891లో పోప్ పదమూడవ లియో లేఖ కార్మికుడి కూలి అతన్నీ అతని కుటుంబాన్నీ నిలబెట్టగలగాలని కోరింది. 1907లో ఆస్ట్రేలియాలో హిగిన్స్ అనే న్యాయమూర్తి హార్వెస్టర్ తీర్పులో సుమారు ఐదుగురున్న కుటుంబాన్ని ఊహించి, నైపుణ్యం లేని పనివాడికి రోజుకి 7 షిల్లింగులు ఇవ్వాలన్నాడు. యజమాని ఇవ్వగలిగింది కాకుండా మనిషికి కావలసింది లెక్కలోకి తీసుకున్నాడు కాబట్టి గొప్ప తీర్పే. అయితే అదే లెక్క ప్రకారం ఆడదానికి పోషించవలసిన కుటుంబం ఉండదు. అందుకని తర్వాత చాలా ఏళ్లపాటు అక్కడ ఆడకూలికి మగవాడి మూలవేతనంలో 54 శాతం చాలనుకున్నారు.

మనకీ ఇలాంటి లెక్క ఒకటుంది. 1957లో 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనం ఎలా కట్టాలో చెప్పింది. సంపాదించేవాడు ఒకడు, కుటుంబానికి మూడు వినియోగ యూనిట్లు. భార్య సంపాదన, పిల్లల సంపాదన లెక్కలోకి రావు. ఈ మూడు యూనిట్లని విడదీస్తే మగవాడు 1, ఆడది 0.8, ఇద్దరు పిల్లలు చెరో 0.6. ఏడవ కేంద్ర వేతన సంఘం 2015 నివేదికలో కూడా ఈ లెక్కే ఉంది. నేను ఉద్యోగం చేసి, జీతం తీసుకుని, పే కమిషన్ల కోసం అందరితోపాటు ఎదురుచూసినదాన్ని. ఆ లెక్కల్లో నా ఆకలి సున్నా పాయింటు ఎనిమిది అని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. బిడ్డకి పాలిచ్చే ఏడాదిలో కూడా అంతేనట.

చెస్టర్టన్ పక్కన పెట్టి చదవవలసిన రెండో పుస్తకం ఎలినర్ రాత్‌బోన్ 1924లో రాసిన 'ది డిజిన్‌హెరిటెడ్ ఫ్యామిలీ'. మనవాళ్లు ఈమెని పెద్దగా పట్టించుకోలేదు. లివర్‌పూల్‌లో మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికుల భార్యలకి ప్రభుత్వం ఇచ్చే భత్యం పంపిణీ చూసింది. మగవాళ్లు దూరంగా యుద్ధంలో ఉన్నారు. డబ్బు నేరుగా ఆడవాళ్ల చేతికి వచ్చింది. దాంతో పిల్లల తిండి, బట్ట, చివరికి తల్లుల నడకతీరు కూడా మారడం ఆమె గమనించింది. అక్కణ్ణుంచి మొదలైంది ఆమె ఆలోచన.

కుటుంబ వేతనాన్ని ఆమె భావాలతో ఎదుర్కోలేదు, కూడికలు తీసివేతలతో ఎదుర్కొంది. ప్రతి మగవాడికీ ఒక భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నారనుకుని జీతం ఇస్తే, ఆమె లెక్క ప్రకారం 30 లక్షలమంది లేని భార్యలకీ, కోటి 60 లక్షలమందికి పైగా లేని పిల్లలకీ డబ్బు చెల్లించినట్టు. అదే సమయంలో ముగ్గురి కంటే ఎక్కువ పిల్లలున్న ఇళ్లలో పన్నెండున్నర లక్షలమంది నిజమైన పిల్లలకి ఏమీ అందదు. విధవరాలు, వదిలేసినవాడి భార్య, తల్లిదండ్రుల్ని పోషించే కూతురు ఎవరూ ఆ లెక్కలో లేరు. దెయ్యపు భార్యకి కూలి ముడుతుంది, నిజం భార్య చెయ్యి చాచాలి. కాబట్టి బిడ్డల కోసం ఇచ్చేది జీతంలో కలపకుండా, విడిగా, తల్లి చేతికే ఇవ్వమంది.

ఈ భాగం చదివినప్పుడల్లా మా అమ్మ గుర్తొస్తుంది. మా నాన్న మంచివాడు, గుమాస్తా ఉద్యోగం, తాగుడు లేదు. ఒకటో తారీఖున ఇంటిఖర్చుకని అమ్మకి లెక్కపెట్టి ఇచ్చేవాడు. అమ్మ మా పాత నోటుపుస్తకాల వెనక పేజీల్లో పైసలతో సహా రాసి నెలాఖరుకి అప్పజెప్పేది. ఆవిడకి ఎవరి అనుమతీ అక్కర్లేని వ్యాపారం ఒకటే ఉండేది, పాతచీరలిచ్చి స్టీలు సామాను కొనుక్కోవడం. గంటసేపు బేరమాడేది. ఒక గ్లాసు ఎక్కువ రాబట్టిన రోజు ఆవిడ మొహంలో వెలుగు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. మా ఇంట్లో పేదరికం లేదు, హింస లేదు. చెస్టర్టన్ కోరిన ఇల్లు అచ్చంగా అదే. ఆయన కోరిన తీరికైన తల్లి కూడా ఉంది. ఆమెకి తనదంటూ చేతిలో ఏముంది? రెండు పాతచీరలు.

రాత్‌బోన్ ఇరవై ఏళ్లకి పైగా పోరాడింది. 1945లో బిల్లు వచ్చేసరికి అందులో డబ్బు తండ్రి పేరున ఉంది. ఇలాగైతే నా బిల్లుకి నేనే వ్యతిరేకంగా ఓటేస్తానంది. చివరికి తల్లి పేరు చేరింది. మొదటి బిడ్డని వదిలేసి తక్కిన ప్రతి బిడ్డకీ వారానికి 5 షిల్లింగులు. 1946 ఆగస్టులో తల్లులు ఆ డబ్బు అందుకునే నాటికి ఆమె లేదు, అదే ఏడాది జనవరిలో చనిపోయింది. గెలుపు అక్కడితో పదిలం కాలేదు. 1970ల్లో తండ్రి పన్ను రాయితీని కూడా తల్లికిచ్చే భత్యంలో కలిపెయ్యాలన్నప్పుడు, మగవాళ్ల జీతం కవరు పలచబడుతుందని, యూనియన్లు ఊరుకోవని బెదిరి 1976లో లేబర్ మంత్రివర్గమే వెనకడుగు వేసింది. ఆ రహస్యపత్రాలు బయటపడి గొడవ జరిగాక 1977 నుంచి విడతలుగా అమలైంది. అంటే ఈ తగువు సంప్రదాయవాదులతో మాత్రమే కాదు. మొగుడి జేబులోంచి పెళ్లాం సంచిలోకి పది రూపాయలు జరపాలంటే ఎడమ పక్షానికీ చేతులు వణుకుతాయి.

రాత్‌బోన్‌ని దేవతని చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆడవాళ్లని ఆశ్రితులుగా ఉంచుకోవాలనే మగవాళ్ల కోరికకి ఆమె పెట్టిన పేరు 'టర్క్ కాంప్లెక్స్'. పెత్తనమంటే తూర్పుదేశాలదే అన్న అహంకారం ఆ పేరులోనే ఉంది. మన బాల్యవివాహాల మీద 1934లో పుస్తకం రాసింది. అంతకుముందు 1929లో లండన్‌లో మన స్త్రీల సమస్యల మీద ఆమె సభ పెట్టినప్పుడు, మా సంగతి మేం చూసుకుంటామని ధన్వంతి రామారావు ఆ సభలోనే లేచి చెప్పింది. ఆ కోపం న్యాయమైందే. ఒక మనిషి దగ్గర లెక్కలు నేర్చుకోవడానికి ఆమె పెద్దరికాన్ని కూడా ఒప్పుకోనక్కర్లేదు.

చెస్టర్టన్ తర్వాత సంప్రదాయవాదం ఆయన కోపంలో సగాన్ని పారేసుకుంది. కుటుంబం మీద ప్రేమని ఉంచుకుంది, ఇంటి యజమాని మీద, పెట్టుబడిదారు మీద ఆగ్రహాన్ని వదిలేసింది. 1987లో మార్గరెట్ థాచర్ ఒక మహిళా పత్రికకి ఇచ్చిన ఇంటర్వ్యూలో, సమాజమనే వస్తువే లేదు, ఉన్నది వ్యక్తులూ కుటుంబాలే అనే అర్థంలో మాట్లాడింది. కుటుంబమే అన్నిటికీ దిక్కు అన్న ఆ ప్రభుత్వమే తర్వాతి మూడేళ్లూ తల్లుల భత్యాన్ని పెంచకుండా ఆపింది. అమెరికాలో 1971లో శిశు సంరక్షణ కేంద్రాల బిల్లుని, కుటుంబంలో పెరగాల్సిన పిల్లల్ని సామూహిక పెంపకానికి అప్పగిస్తుందని అధ్యక్షుడు నిక్సన్ వీటో చేశాడు. 1996లో రిపబ్లికన్ల కాంగ్రెస్ ఆమోదించి క్లింటన్ సంతకం చేసిన చట్టం, సాయం తీసుకునే పేద తల్లుల్ని పిల్లల్ని వదిలి పనికి వెళ్లాల్సిందేనంది. కలిగిన తల్లి ఇంట్లో ఉంటే సంస్కారం, పేద తల్లి ఇంట్లో ఉంటే సోమరితనం.

బ్రిటన్‌లో 2017 ఏప్రిల్ నుంచి పేద కుటుంబాలకి ఇద్దరు పిల్లల వరకే సాయమన్నారు. మూడో బిడ్డ అత్యాచారం వల్ల పుట్టిందని చెప్పుకుంటే మినహాయింపు. అది నిరూపించుకోవడానికి తల్లి ఫారం నింపాలి! ఈ పరిమితిని 2026 ఏప్రిల్ నుంచి ఎత్తేస్తామని లేబర్ ప్రభుత్వం 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రకటించింది. చెస్టర్టన్ బతికి ఉంటే ఆ ఫారాన్ని జుట్టు కత్తెర పక్కన పెట్టేవాడని నా నమ్మకం.

ఇద్దరు పిల్లల లెక్క మనకి ఇంకా బాగా తెలుసు. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలున్నవాళ్లని ఎన్నికలకి పనికిరారంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి, పిల్లల్ని కనే వయసులో ఉన్న ప్రతి పదిమంది ఆడవాళ్లలో దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మగవాళ్ల ఆపరేషన్లు లెక్కకే రావు. ఇప్పుడు గాలి మారింది. జనాభా ముసలిదవుతోందని, ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చెప్పడం మొదలుపెట్టారు. 2024 నవంబరులో ఆ నిబంధనని రద్దుచేశారు. 2025 మార్చిలో విజయనగరం పార్లమెంటు సభ్యుడు మూడో బిడ్డ ఆడపిల్లయితే 50,000 రూపాయలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానన్నారు. వందేళ్ల కిందటి నినాదంలోని ఆవు చివరికి మన ఉత్తరాంధ్రకి చేరింది. మూడెకరాలు మాత్రం దారిలో ఎక్కడో తప్పిపోయాయి. అదే ఏడాది జూన్‌లో అదే రాష్ట్ర మంత్రివర్గం రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచడానికీ, ఆడవాళ్లు రాత్రి షిఫ్టులు చెయ్యడానికీ ఒప్పుకుంది. ముగ్గుర్ని కనాలి, పది గంటలు పనిచెయ్యాలి. హడ్జ్, గడ్జ్ ఇద్దరూ కలిసి ఒకే సంతకం పెట్టారు.

ఇక సమూహం. ప్రభుత్వానికీ ఒంటరి మనిషికీ మధ్య ఊరు, గుడి, చర్చి, సంఘం లాంటివి ఉండాలని, అవి కూలితే మనిషి అనాథ అవుతాడని రాబర్ట్ నిస్బెట్ 1953లో 'ది క్వెస్ట్ ఫర్ కమ్యూనిటీ'లో రాశాడు. నగరంలో ఒంటరిగా బతికినవాళ్లెవరైనా తల ఊపుతారు. కానీ మన ఊళ్లో "మీదే కమ్యూనిటీ?" అని అడిగితే దానర్థం ఏమిటో మనందరికీ తెలుసు. ఆ ఒక్క పదం దగ్గరే నిస్బెట్ మన నేల మీద నిలబడలేడు. పల్లె గురించి 1948లో రాజ్యాంగ సభలో అంబేద్కర్ చేసిన విమర్శకి ఏ సంప్రదాయవాదీ ఇప్పటికీ సరైన జవాబు చెప్పలేదు.

అలాగని సమూహమే వద్దంటే దూబగుంటని ఏం చేస్తాం? 1992లో నెల్లూరు జిల్లాలో సారా దుకాణాలు మూయించిన ఆడవాళ్లు కోరుకున్నవి పైపైన చూస్తే సంప్రదాయవాదులు కోరేవే. కాపురం నిలవాలి, మొగుడు తాగకూడదు, ఊరు బాగుండాలి. అక్షరదీపం బడిలో కలిసి కూర్చున్నందువల్ల అక్కడ పుట్టిన సమూహం పెద్దమనుషుల పంచాయతీ మాత్రం కాదు. వాళ్ల పోరాటం నేరుగా ఆర్థిక విధానం మీద. మొగుడి కూలి సారా కొట్టుకి, అక్కణ్ణుంచి కాంట్రాక్టరుకి, అక్కణ్ణుంచి ఖజానాకి పోయే దారికి అడ్డంగా నిలబడ్డారు. 1993 అక్టోబరులో సారాని నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఆదాయం కోసమని ఎత్తేశారు. రాత్‌బోన్ పేరైనా వినని రోశమ్మ, ఆమె తోటివాళ్లు అడిగింది రాత్‌బోన్ ప్రశ్నే. ఆ డబ్బు ఎవరి చేతికి?

సంప్రదాయవాదుల్ని చదవడానికి ఇప్పుడు నాకు ఈ ఒక్క ప్రశ్న చాలు. కుటుంబం కోసమని ఎవరు ఏ పథకం తెచ్చినా, ఎవరి చేతికి అంటాను. చెస్టర్టన్ ఎర్రజుట్టు పిల్ల దగ్గర మొదలుపెట్టి ఇంటి యజమాని దాకా వెళ్లాడు, అంతవరకూ నేనాయన వెంట నడుస్తాను. దారిలో ఆ పిల్ల తల్లి ఉంది. ఆమెకి తీరిక ఇవ్వమన్నాడే గానీ చేతిలో ఏం పెట్టాలో చెప్పలేదు. తీరిక ఇచ్చేవాడు మొగుడే అయితే తీసేసుకునేవాడూ మొగుడే.

కిందటేడు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు. 2025 జూన్‌లో 'తల్లికి వందనం' డబ్బులు పడినప్పటి సంగతి చెప్పింది. ఒక్కో బిడ్డకి 13,000 చొప్పున తల్లుల ఖాతాల్లో పడ్డాయి. అంతకుముందు 2020లో మొదలైన 'అమ్మ ఒడి' తల్లికి ఒక్కసారే ఇచ్చింది, ఇది ప్రతి బిడ్డకీ. పార్టీలు మారినా ఇద్దరూ తల్లి పేరే రాశారని సంతోషపడుతుంటే, "ఖాతా తల్లిదే మేడమ్, మెసేజ్ మాత్రం మొగుడి ఫోన్‌కి వస్తది. పడ్డయ్యా లేదా అని ఆడవాళ్లు నన్నడుగుతున్నారు" అంది.

వాళ్ల అమ్మ ఎలా ఉందని అడిగాను.

"ఇంటి పట్టునే ఉంటంది మేడమ్. మోకాళ్లు పోయినయ్యి."

ఇరవై ఏళ్లుగా మోసిన జవాబు అప్పుడు చెప్పాను. "నువ్వా రోజు అడిగిన దాంట్లో తప్పేం లేదమ్మా. మీ అమ్మకి ఇంట్లో కూర్చునే హక్కు ఉంది. కాకపోతే కూర్చున్న నెలలో కూడా ఆవిడ చేతికి ఆవిడ డబ్బు రావాలి. అది రానంతకాలం ఇల్లయినా చేనయినా ఒకటే."

ఆ అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వింది. "ఇది మా అమ్మకి ఎప్పుడో తెలుసు మేడమ్. చీటీ పాట డబ్బులు నాన్నకి తెలీకుండా దాచే నా ఫీజు కట్టింది."